మేడమెట్లూ, పనిపిల్లా

ఒకే కథను ఒక దేశం యాభై ఏళ్ళలో నాలుగుసార్లు సినిమా తీసుకున్నదంటే, ఆ కథలో వాళ్ళని నిద్రపోనివ్వనిదేదో ఉందన్నమాటే. మనం దేవదాసుని అలా మళ్ళీ మళ్ళీ తీసుకున్నాం. దక్షిణ కొరియా వాళ్ళు తీసుకున్నది మాత్రం విఫలప్రేమ కథ కాదు. ఒక ఇంట్లోకి పనిపిల్ల వస్తుంది. ఇంటాయనకీ ఆ పిల్లకీ సంబంధం కలుస్తుంది. ఇల్లాలికి తెలుస్తుంది. ఆ తరవాత ఎవరి బతుకూ మునుపటిలా ఉండదు. ఇంతే కథ.

1960లో కిమ్ కీ యంగ్ అనే దర్శకుడు దీన్ని 'హన్యో' అనే పేరుతో తీశాడు. హన్యో అంటే దాసీ. పదకొండేళ్ళ తరవాత, 1971లో, ఆయనే పేరు మార్చి మళ్ళీ తీశాడు. 1982లో ఇంకోసారి తీశాడు. ఆయన పోయాక 2010లో ఇమ్ సాంగ్ సూ అనే మరో దర్శకుడు పాత పేరుతోనే కొత్తగా తీశాడు. ఆ సినిమా కాన్ చిత్రోత్సవంలో పోటీకి కూడా వెళ్ళింది. ఇవేవీ పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని చూసే సినిమాలు కావు, ముందే చెబుతున్నాను. 2010 నాటిది మరీను! ఆ సినిమా పేరెత్తితే చాలామందికి పడకగదే గుర్తుకొస్తుంది. నాకు మాత్రం వీటిల్లో పడకగది కంటే వంటిల్లూ, వంటింటి కంటే మేడమెట్లూ ఎక్కువ కథ చెప్పాయనిపించింది. ఆ మెట్లు ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు, ఎవరు పడ్డారు అని చూసుకుంటూ పోతే ఒక దేశపు యాభై ఏళ్ళ చరిత్ర కనబడుతుంది.

ముందు ఆ పనిపిల్ల ఎక్కణ్ణించి వచ్చిందో చూద్దాం.

కొరియా 1910 నుంచి 1945 దాకా జపాను పాలనలో ఉంది. అది వదిలీ వదలగానే దేశం రెండు ముక్కలైంది. 1950 జూన్‌లో మొదలైన యుద్ధం 1953 జూలై దాకా సాగి పల్లెల్నీ పట్నాల్నీ కూడా ఛిద్రం చేసిపెట్టింది. యుద్ధం ఆగాక పల్లెల్లో తిండికి కరువు. ఇంట్లో ఒక నోరు తగ్గితే అదే పదివేలనుకున్న తల్లిదండ్రులు ఆడపిల్లల్ని సియోల్‌కి పంపేశారు. పట్టుమని పదిహేనేళ్ళు లేని పిల్లలు కూడా అలా బండెక్కారు. వాళ్ళు చేరిన పనికి 'సిక్మో' అని పేరు. 'సిక్' అంటే తిండి, 'మో' అంటే అమ్మ. మాట చూడండి ఎంత గొప్పగా ఉందో! అన్నం పెట్టే అమ్మ! ఆ చిన్నారి అమ్మకి రెండు పూటలా తిండీ, పడుకోవడానికి ఇంత చోటూ ఇస్తే అదే జీతం అనుకున్న ఇళ్ళు బోలెడు. పెళ్ళీడు వచ్చాక ఎవరో ఒక కుర్రాణ్ణి చూసి పెళ్ళి చేసి పంపుతామని మాటిచ్చేవారు కొందరు. అంతదాకా బట్టలుతకడం, పిల్లల్నెత్తుకోవడం, చలికాలంలో ఇంటి నేల వెచ్చగా ఉండడానికి రాత్రిళ్ళు లేచి పొయ్యిలో బొగ్గుబిళ్ళలు మార్చడం... ఇదీ ఆ పిల్ల రోజు.

బాగా డబ్బున్నవాళ్ళే సిక్మోని పెట్టుకునేవారనుకోకండి. ఓ మాదిరి జీతగాడి ఇంట్లో కూడా ఉండేది. మనిషి అంత చవక. ఇళ్ళ ప్లానుల్లోనే వంటింటి పక్కన సిక్మో కోసమని ఒక బుల్లి గది గీసేవారు. 1970ల్లో సియోల్‌లో లేచిన పెద్ద అపార్టుమెంట్లలో కూడా ఆ గది ఉండేది. 1960లో సియోల్ జనాభా సుమారు 24 లక్షలు. 1970 నాటికి అది 55 లక్షలయింది. ఆ పెరిగిన లక్షల్లో, చంకన మూట పెట్టుకుని దిక్కులు చూస్తూ రైలు దిగిన ఆడపిల్లలు ఎందరో!

ఇక 1960. ఆ ఏడాది ఏప్రిల్‌లో విద్యార్థులు వీధుల్లోకొచ్చి అధ్యక్షుడు సింగ్మన్ రీని గద్దె దింపేశారు. మరుసటి ఏడు మే నెలలో సైన్యం వచ్చి పార్క్ చుంగ్ హీ పెత్తనం మొదలైంది. ఆ రెండింటి మధ్య, కాస్త ఊపిరాడిన రోజుల్లో, 1960 నవంబరులో 'హన్యో' విడుదలైంది.

తీసిన కిమ్ కీ యంగ్ పళ్ళ డాక్టరు చదువు చదివి సినిమాల్లోకొచ్చిన మనిషి. భార్య కూడా పళ్ళ డాక్టరే. ఆవిడ ప్రాక్టీసు పెట్టుకుని సంపాదిస్తే ఆ డబ్బు ఆయన సినిమాలకు ఆసరా అయింది. భార్య సంపాదన అండగా సినిమాలు తీసిన మగవాడు రాసుకున్న కథలో కూడా ఇల్లు నిలబెట్టేది భార్య కుట్టుమిషనే కావడం కాకతాళీయమంటారా?

అవునండీ, 'హన్యో'లో ఇల్లాలు రాత్రీ పగలూ మిషను కుడుతుంది. ఆయన బట్టల మిల్లులో పనిచేసే ఆడపిల్లలకు పాటలు నేర్పే మాస్టారు. ఇద్దరు పిల్లలు. పిల్లకి కాళ్ళు సరిగా లేవు, కర్రల సాయంతో నడుస్తుంది. ఉన్న ఇల్లు చాలదని ఓ రెండంతస్తుల ఇల్లు కట్టుకుంటారు. మేడ మీద ఒక గదిలో పియానో. అప్పట్లో పియానో, మేడ, ఇవి రెండూ ఉంటే మధ్యతరగతిలో పడ్డట్టే. కానీ ఆ మేడ కోసం మిషను తొక్కీ తొక్కీ ఇల్లాలు మంచాన పడుతుంది, అందులోనూ మూడోసారి కడుపుతో ఉంటుంది. అప్పుడిక పనిపిల్ల కావలసివస్తుంది. మాస్టారి దగ్గర పియానో నేర్చుకునే మిల్లు పిల్ల ఒకతె తన హాస్టల్ నుంచి ఒక అమ్మాయిని తీసుకొచ్చి అప్పజెబుతుంది. సినిమా అయిపోయేదాకా ఆ అమ్మాయికి పేరు లేదు. వచ్చీరాగానే వంటింట్లో తిరిగే ఎలుకను ఉత్త చేత్తో పట్టేస్తుంది. దొంగచాటుగా సిగరెట్ కాలుస్తుంది. ఇల్లాలు పుట్టింటికి వెళ్ళిన ఓ వానరాత్రి జరగకూడనిది జరుగుతుంది.

ఆ తరవాతంతా మెట్ల మీదే. పనిపిల్లకు కడుపని తెలిసి ఇల్లాలు ఆమెకు నచ్చచెప్పి, బలవంతపెట్టి, మెట్లమీంచి పడి కడుపు పోగొట్టుకునేలా చేస్తుంది. ఆ కసితో ఆ పిల్ల, నీళ్ళల్లో విషం కలిపానని వాళ్ళబ్బాయిని బెదరగొడితే, వాడు హడలిపోయి అవే మెట్లమీంచి దొర్లి చచ్చిపోతాడు. పోలీసులకు చెబుదామంటే మాస్టారి ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఇల్లు పోతుంది. అందుకని ఆ ఇల్లాలు నోరు మూసుకుని, మేడమీద భర్తతో కాపరం పెట్టిన పనిపిల్లకి భోజనం పళ్ళెం పట్టుకెళ్ళి ఇస్తుంది! ఎవరు ఎవరికి దాసీ అయినట్టు? చివరికి మాస్టారూ ఆ పిల్లా ఎలుకల మందు తాగుతారు. ఆయన చావనైనా భార్య దగ్గరే చావాలని మెట్లు దిగుతూంటే, ఆ పిల్ల ఆయన కాలు వదలక, మెట్టు మెట్టుకీ తల కొట్టుకుంటూ కిందికి ఈడ్చుకొస్తుంది. ఇల్లాలు కుట్టుమిషను దగ్గర కూచుని ఉంటుంది.

ఇది నలుపు తెలుపుల్లో తీసిన సినిమా. ఇల్లంతా ఇరుకు. గాజు తలుపుల అవతల వాన. మేడమీద పియానో గదీ పనిపిల్ల గదీ పక్కపక్కనే, మధ్యన ఒక వరండా. కెమెరా ఆ గాజు తలుపుల బయటినించి ఈ గదిలోంచి ఆ గదికి జారుతూ వెళుతుంది, పక్కింటివాళ్ళు తొంగిచూసినట్టుగా. పంజరంలో చక్రం తిప్పే ఉడత ఒకటి ఉంటుంది. ఎంత పరుగెత్తినా ఉన్నచోటే ఉండే ఆ ఉడతను చూస్తే, నాకు మిషను తొక్కే ఇల్లాలే గుర్తొచ్చింది.

అంతా అయ్యాక కథ మళ్ళీ మొదటికొస్తుంది. మాస్టారు పేపరు చదువుతూ ఉంటాడు. ఏదో ఊళ్ళో ఒకాయనకీ పనిమనిషికీ జరిగిన గొడవ అందులో పడిందట, మనం చూసిందంతా ఆ కబురు మీద కట్టిన ఊహేనట. ఆయన తిన్నగా మన వైపు తిరిగి, ఇది మీలో ఎవరికైనా జరగొచ్చు సుమా అన్నట్టు వేలు చూపించి నవ్వుతాడు. గమ్మత్తేమిటంటే ఈ కథ నిజంగానే అప్పటి పేపర్లో పడిన ఒక నేరవార్త నుంచి పుట్టింది. హాల్లో కూచున్న ఆడవాళ్ళు కొందరు, ఆ పనిపిల్లని చంపెయ్యమని తెరకేసి కేకలు పెట్టారని చెబుతారు. ఆ వేషం వేసిన లీ యున్ షిమ్‌కి ఆ తరవాత సరైన అవకాశాలు రాలేదంటారు కూడా.

ఆ కేకలు పెట్టినవాళ్ళు ఎవరు? మనలాంటి ఇల్లాళ్ళే. ఇంట్లో సిక్మో ఉన్నవాళ్ళే. వాళ్ళ కేకల వెనకాల ఉన్నది కోపం కంటే ఎక్కువగా భయమని నా ఉద్దేశం. ఆ సినిమాలో ఇల్లాలికీ పనిపిల్లకీ మధ్య ఉన్న దూరం ఎంతని? ఒక్క మెట్టు. యుద్ధంలో అందరూ అన్నీ పోగొట్టుకున్న దేశం అది. నిన్నటిదాకా ఇల్లాలు కూడా పేదదే. మిషను ఆగితే రేపు మళ్ళీ పేదదే. ఆ ఒక్క మెట్టూ కాపాడుకోవడానికి ఆవిడ కొడుకు చావును కూడా దిగమింగింది. కింది మెట్టు మీదున్న మనిషి చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉంటే పైనున్నవాళ్ళకి నిద్ర పట్టదు. కనక సినిమా తప్పంతా ఆ పిల్ల నెత్తిన వేసింది. ఇంటాయన బలహీనుడు, ఇల్లాలు అభాగ్యురాలు, పనిపిల్ల రాక్షసి. ఇదీ 1960 నాటి తీర్పు.

1971 నాటి సినిమాకు వద్దాం. ఈ మధ్యలో కొరియా ఊపిరాడనంత వేగంగా ఫ్యాక్టరీలు కట్టింది. సిక్మోలుగా చేరవలసిన పిల్లలు ఫ్యాక్టరీ దారి పట్టారు. అక్కడ మాత్రం ఏముంది? సియోల్‌లోని ప్యోంగ్వా మార్కెట్లో, నిటారుగా నిలబడటానికి వీల్లేని అటకల్లాంటి గదుల్లో, చిన్నపిల్లలు రోజుకు పధ్నాలుగు గంటలు బట్టలు కుట్టేవారు. అక్కడి దర్జీ చున్ తే ఇల్, ఇరవై రెండేళ్ళ కుర్రాడు, చట్టంలో రాసి ఉన్నదే అమలు చెయ్యమని అడిగి అడిగి, 1970 నవంబరు 13న ఒంటికి నిప్పంటించుకున్నాడు. ఆ చట్టం 1953లో చేసిన కార్మిక ప్రమాణాల చట్టం. అందులో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి ఇది వర్తించదని ఒక మినహాయింపు కూడా ఉంది. అంటే ఫ్యాక్టరీ పిల్లకి అమలుకాకపోయినా చట్టమంటూ ఒకటి ఉంది. సిక్మోకి అదీ లేదు. ఈ నిప్పునీ, ఈ మినహాయింపునీ కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి.

1971 నాటి సినిమా రంగుల్లో వచ్చింది. ఎరుపూ నీలం కలిసి కళ్ళు చెదిరే రంగులు. ఇందులో ఇల్లాలు కోళ్ళఫారం నడిపి ఇల్లు నెట్టుకొస్తుంది, భర్త పాటలు కట్టుకుంటూ ఉంటాడు. పనిపిల్లకు ఈసారి పేరుంది, మ్యోంగ్ జా. పల్లెటూరినుంచి నేరుగా వచ్చింది. జీతం వద్దు, నాకో పెళ్ళి చేసి పెట్టండి చాలని బేరమాడుతుంది. చూశారా, సిక్మోల బతుకంతా ఆ ఒక్క బేరంలో ఉంది. మ్యోంగ్ జాగా వేసింది యూన్ యో జంగ్ అనే కొత్తమ్మాయి. సినిమాల్లో ఆమెకిదే మొదటి వేషం. ఈ పేరు కూడా గుర్తుపెట్టుకోండి.

1982 నాటిది మళ్ళీ ఆ కోళ్ళఫారం కథే కనక దాన్ని వదిలేద్దాం. ఆ కాలానికి ఇంట్లోనే పడి ఉండే సిక్మోలు తగ్గిపోతూ, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళే పనివాళ్ళు పెరిగారు. కిమ్ కీ యంగ్‌ని జనం మరిచిపోయారు. 1997లో బుసాన్ చిత్రోత్సవంవాళ్ళు ఆయన పాత సినిమాలు తీసి ప్రదర్శిస్తే, కుర్రకారు ఇన్నాళ్ళూ ఈయన ఎక్కడున్నాడని నివ్వెరపోయారు. ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. 1998 ఫిబ్రవరిలో ఇంటికి నిప్పంటుకుని ఆయనా, ఆయన భార్యా ఇద్దరూ పోయారు. 'హన్యో' నెగిటివ్‌లో రెండు రీళ్ళు ఏనాడో పోయాయి. వాటి ప్రింటు 1990లో దొరికితే, దానిమీద తెర కప్పేసేంత పెద్ద అక్షరాలతో, చేత్తో రాసిన ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉన్నాయి. ఆ అక్షరాలను ఒక్కొక్క బొమ్మలోంచీ చెరిపి, సినిమాకు మళ్ళీ ప్రాణం పోసి, 2008లో కాన్‌లో చూపించారు. మరి రెండేళ్ళకి అదే కాన్‌కి ఇమ్ సాంగ్ సూ కొత్త 'హన్యో' వచ్చింది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ముందు కళ్ళకు కొట్టొచ్చేది ఇల్లు.

పాత ఇల్లు మిషను కుట్టి కట్టుకున్న మేడ. కొత్తది కోట. పాలరాయి నేల, నల్లటి కొయ్య, ఆకాశంలోంచి వేలాడుతున్నట్టున్న పెద్ద షాండ్లియరు దీపం, అక్కడక్కడా గ్లాసులో ఎర్రని వైను. గదులన్నీ ఎంత విశాలమంటే, మనుషులు అందులో సామానులా కనబడతారు. కెమెరా ఎక్కువగా పైనుంచి చూస్తుంది. అది పక్కింటి చూపు కాదు, యజమాని చూపు. పియానో ఇక్కడా ఉంది. కానీ 1960లో పియానో అన్నం పెట్టే సాధనం. 2010లో ఇంటాయన పొద్దున్నే బీథోవెన్ వాయించుకునేది, ఒంటికి సెంటు రాసుకున్నట్టుగా, సరదాకి. ఇల్లాలు మిషను కుట్టడం మాట దేవుడెరుగు, కవలల్ని కడుపులో పెట్టుకుని చిత్రకళ పుస్తకంలోని బొమ్మలా సోఫాలో ఒరిగి ఉంటుంది. యుద్ధంలో మట్టికొట్టుకుపోయిన దేశం యాభై ఏళ్ళలో ప్రపంచంలోని సంపన్న దేశాల్లో ఒకటైంది కదా, ఆ సంపద ఎవరింట్లో చేరిందో చూపించడానికి కట్టిన సెట్టు అది.

ఆ ఇంట్లో చేరే పనిమనిషి యున్ యీ. హోటల్ వంటింట్లో కష్టపడిన మనిషి, అమాయకురాలు. ఈ వేషం వేసిన జియోన్ డో యోన్ 2007లో మరో సినిమాకు కాన్‌లో ఉత్తమనటి బహుమతి అందుకున్నావిడ. ఇంటాయన లీ జంగ్ జే. ఇటీవల 'స్క్విడ్ గేమ్'లో అప్పులపాలైన బడుగుమనిషిగా చూసి అతనికోసం కంటతడి పెట్టినవాళ్ళు, ఇక్కడి ఈ కోటీశ్వరుణ్ణి చూస్తే గుర్తుపట్టరేమో! నలుపూ తెలుపూ యూనిఫారం వేసుకుని యున్ యీ తెల్లటి స్నానాలతొట్టి తోముతూంటే, కెమెరా ఆమెను ఇంటాయన కళ్ళతో చూస్తుంది. ఆ చూపులో ఆమె కూడా ఆ తొట్టిలాగే ఇంటి సామాను. ఓ రాత్రి చేతిలో వైను సీసాతో ఆమె గదిలోకి వస్తాడు. అడగడం, బతిమాలడం ఏమీ ఉండవు. ఫ్రిజ్ తలుపు తీసినంత మామూలుగా వస్తాడు. మర్నాడు డబ్బు ఇస్తాడు. నాకు ఈ సినిమాలో అన్నిటికంటే అశ్లీలంగా అనిపించింది ఆ డబ్బివ్వడం.

ఇక్కడ కూడా కడుపు వస్తుంది. ఇక్కడా ఒక ఆడమనిషే పడదోస్తుంది. కాకపోతే ఈసారి ఇల్లాలి తల్లి. యున్ యీ ఎత్తైన నిచ్చెన మీద నిలబడి షాండ్లియరు తుడుస్తూంటే, ఆవిడ చూసుకోకుండా తగిలినట్టు తగిలి నిచ్చెనను తోస్తుంది. చావక బతికితే, మూలికల మందులో విషం కలిపి తాగించి కడుపు తీయిస్తారు. విషం మారలేదు. కలిపే చెయ్యి మారింది. 1960లో ఆ ఎలుకల మందు డబ్బా పనిపిల్ల చేతిలో ఉంది, ఇల్లు వణికింది. 2010లో అది ఇంటివాళ్ళ చేతిలో ఉంది, వణకవలసింది పనిమనిషి.

ఆ ఇంటివాళ్ళలో ఎవరూ గొంతెత్తి తిట్టరు. ఎంతో మర్యాద! ఇంటి చిన్నపిల్ల నామి పనిమనిషితో కూడా చక్కగా మాట్లాడుతుంది. ఇంత మర్యాద ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, ఎదుటివాళ్ళని గౌరవిస్తే మనమే ఎత్తులో ఉంటామని నాన్న నేర్పాడంటుంది. ఆ మాట విన్నాక నాకు పాత సినిమాలో ఇల్లాలి ఏడుపే నయమనిపించింది. ఒక్క మెట్టు దూరంలో ఉన్నప్పుడు ద్వేషం, భయం, కక్ష ఉంటాయి. అవన్నీ మనిషిని మనిషిగా లెక్కలో వేసుకున్నందుకు గుర్తులు. దూరం నూరు మెట్లయ్యాక ద్వేషించవలసిన అవసరమే లేదు. మర్యాద సరిపోతుంది.

చివరికి యున్ యీ వాళ్ళందరి ఎదుటా ఆ షాండ్లియరుకే ఉరిపోసుకుని, ఒంటికి నిప్పంటించుకుంటుంది. దర్శకుడు చున్ తే ఇల్‌నే తలుచుకుని ఇలా తీశాడని నేను అనను. కానీ కొరియాలో పేదమనిషి ఒంటికి అంటుకున్న నిప్పుని ఆ కుర్రాడు గుర్తుకు రాకుండా ఎవరు చూడగలరు? ఆయన నిప్పుకి దేశం ఉలిక్కిపడింది. ఆ తరవాతే ఆడపిల్లలు ఫ్యాక్టరీల్లో సంఘాలు పెట్టుకుని ఎదురు తిరిగారు. ఈమె నిప్పుకి? ఆఖరి దృశ్యంలో ఆ కుటుంబం మంచు కురిసిన తోటలో కుర్చీలేసుకుని, ఇంగ్లీషులో మాట్లాడుకుంటూ, నామి పుట్టినరోజు చేస్తూ ఉంటుంది. అంతే. సినిమా మొదట్లో కూడా ఒక అమ్మాయి మేడమీంచి దూకి చచ్చిపోతే, వీధిలో జనం ఓసారి తలెత్తి చూసి మళ్ళీ తమ తిండిలో, తిరుగుడులో పడతారు. మొదటికీ చివరికీ తేడా ఏమీ లేదు. నామి ఒక్కతే ఎటో చూస్తూ ఉండిపోతుంది. ఆ పిల్ల ఏం గుర్తుపెట్టుకుంటుందో అన్నదొక్కటే మిగిలిన ఆశ.

ఈ రెంటిలో ఏది గొప్పదని అడిగితే నేను పాతదానికే ఓటేస్తాను. న్యాయం మాత్రం కొత్తదాని పక్షాన ఉంది. కొత్త దర్శకుడు తప్పు ఎవరిదో సరిగానే చెప్పాడు. కానీ చెప్పే తొందరలో పనిమనిషిని మరీ పసిపాపను చేసేశాడు. ఆమెకు కోరికలేమిటి, ఆ ఇంట్లో దేన్ని చూసి ఆశపడింది, కోపమొస్తే ఏం చేస్తుంది అన్నవి అందీ అందకుండా పోయాయి. పాత దర్శకుడు పనిపిల్లకు అన్యాయం చేశాడు గానీ, ఆమెకు బలమిచ్చాడు. ఆమె మెట్లెక్కి వస్తూంటే చూసేవాళ్ళ గుండె దడదడలాడుతుంది. కథలు రాసేవాళ్ళకి ఇదొక చిక్కు. పేదమనిషిని దుర్మార్గురాలిగా రాస్తే అబద్ధం, దేవతగా రాస్తే అదింకో అబద్ధం.

రెంటిలోనూ మారనిది ఒకటుంది. తప్పు మొదలుపెట్టిన మగవాడి ఒంటిమీద ఆడది చెయ్యి వెయ్యదు. ఇల్లాలు పనిపిల్ల మీద పడుతుంది, పనిపిల్ల పిల్లల మీద పడుతుంది, అత్తగారు నిచ్చెనను తోస్తుంది. 2010లో ఆ ఇల్లాలి తల్లి కూతురికి చెప్పే సలహా కూడా అదే: ఓర్చుకో, ఈ ఇంట్లో నీ చోటు వదులుకోకు. ఇల్లు ఆయనదైనప్పుడు అందులో ఆడవాళ్ళంతా, పట్టుచీర కట్టినా పాతచీర కట్టినా, ఆయన దయమీద ఉన్నవాళ్ళే. మెట్లు మాత్రం వేరువేరు.

ఇప్పుడు యూన్ యో జంగ్ సంగతి. 1971లో మ్యోంగ్ జాగా వేసిన ఆ అమ్మాయి, 2010 సినిమాలో ఆ కోటలోని ముసలి పనిమనిషిగా వేసింది. ఏళ్ళతరబడి ఆ ఇంటి ఎంగిలి తీసి, కొడుకుని ప్రభుత్వ ప్రాసిక్యూటరును చేసుకున్న మనిషి ఆమె. యున్ యీకి నెల తప్పిందని ముందు కనిపెట్టి ఇంటి పెద్దావిడ చెవిన వేసేదీ ఆమే, చివరికి ఆ ఇంటిమీద అసహ్యం పుట్టి బయటికి నడిచేదీ ఆమే. రెండేళ్ళ తరవాత, 2012లో, ఇదే దర్శకుడు 'ద టేస్ట్ ఆఫ్ మనీ' అని మరో సినిమా తీస్తే, అందులో యూన్ యో జంగ్ ఏకంగా కోటీశ్వరుల ఇంటి యజమానురాలు! పనిపిల్లగా ఇంట్లోకి అడుగుపెట్టి, నలభై ఏళ్ళలో మేడమీద గది చేరుకుంది. మరి ఆ సినిమాలో పనిమనిషి ఎవరు? ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఈవా. పల్లెటూరి పిల్ల ఖాళీ చేసిన మెట్టు మీదికి పరాయిదేశపు పిల్ల వచ్చి కూచుంది. కథ కూడా మళ్ళీ అదే కథ. ఇంటాయన ఈవా దగ్గర చేరతాడు, ఈవా ప్రాణం పోతుంది.

ఇది సినిమాతో ఆగలేదు. 2024 ఆగస్టులో సియోల్ నగరం ప్రయోగంగా ఫిలిప్పీన్స్ నుంచి వందమంది ఆడవాళ్ళను పిల్లల్ని చూసుకోవడానికి, ఇంటిపనికి రప్పించింది. ఒకప్పుడు కూతుళ్ళని పనికి పంపిన దేశం ఆ ఏడు పనికి కూతుళ్ళను పిలిపించుకుంది.

ఈ మెట్ల మీద మోజు కొరియా సినిమాను వదల్లేదు కూడా. 2019లో వచ్చి, మరుసటేడు ఆస్కార్ కొట్టిన 'పారసైట్' మీలో చాలామంది చూసే ఉంటారు. దాని దర్శకుడు బోంగ్ జూన్ హో కిమ్ కీ యంగ్‌ని తన గురువుల్లో ఒకడిగా చెప్పుకుంటాడు. అందులోని ఇల్లు రూపుకట్టిన కళాదర్శకుడు లీ హా జున్, 2010 నాటి 'హన్యో' కోటను కట్టినవాడే. ఆ ఇంట్లో కూడా మెట్లే కథ నడుపుతాయి. కాకపోతే ఈసారి అవి నేలమాళిగలోకి దిగుతాయి.

2021 ఏప్రిల్‌లో యూన్ యో జంగ్ 'మినారి' సినిమాలో అమ్మమ్మ వేషానికి ఆస్కార్ అందుకుంది. వేదిక మీద నిలబడి, తన మొదటి దర్శకుడైన కిమ్ కీ యంగ్‌ని తలుచుకుని కృతజ్ఞత చెప్పింది. సరిగ్గా మరుసటి నెలలో, 2021 మేలో, కొరియా పార్లమెంటు ఇంటిపనివాళ్ళ కోసం ఒక చట్టం ఆమోదించింది. 2022 జూన్ 16న అది అమల్లోకొచ్చింది. సెలవులు, ఇన్సూరెన్సు, కనీస వేతనం, అన్నీ రాశారు. 1953 నాటి ఆ మినహాయింపు తరవాత దాదాపు డెబ్భై ఏళ్ళకి!

కాకపోతే ఒక మెలిక ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థల ద్వారా పనిలో చేరినవాళ్ళకే ఆ చట్టం. ఇల్లాలు తనంతట తాను మాట్లాడుకుని పెట్టుకున్న మనిషికి పాత మినహాయింపే ఇంకా వర్తిస్తుంది. 1960 నాటి ఆ అమ్మాయిని ఎవరో తెలిసినవాళ్ళు తీసుకొచ్చి అప్పజెప్పారు కదా. ఇవాళ మళ్ళీ అలాగే తీసుకొచ్చి ఆ గుమ్మంలో నిలబెట్టినా, చట్టం లెక్కలో ఆమె ఇంకా పేరులేని మనిషే.